తెల్లబారిన ఫైబర్ బోటుకు మళ్లీ మెరుపు తేవడం ఎలా?

ముందు ఒక చిన్న పరీక్ష. తడిగుడ్డ తీసుకుని బోటు పక్కభాగం మీద జానెడు మేర తుడవండి. తడి ఉన్నంతసేపు నిగనిగలాడి, ఆరగానే మళ్లీ సున్నం కొట్టిన గోడలా అయిపోతే మీ బోటు బాగుపడే స్థితిలోనే ఉన్నట్టు. అదే చోట నల్లగుడ్డతో గట్టిగా రుద్దితే గుడ్డకు పొడి అంటుకుంటుంది. పోయిన మెరుపంతా ఆ పొడి కిందే ఉంది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే పని సగం తేలికవుతుంది. ఫైబర్ బోటుకు పైన కనిపించేది చాలామంది అనుకున్నట్టు పెయింటు కాదు. బోటు తయారుచేసేటప్పుడు అచ్చులో అన్నిటికన్నా ముందు వేసే, రంగు కలిపిన రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు) పొర. జెల్‌కోటు అంటారు. మందం దాదాపు అర మిల్లీమీటరు, అంతే. ఏళ్ల తరబడి ఎండ తగిలి ఆ రెసిన్ పైపైన పొడిబారుతుంది, కంటికి కనిపించనంత చిన్న గుంతలు పడతాయి. వాటి మీద పడిన వెలుతురు చెదిరిపోతుంది కాబట్టి మనకు తెల్లగా, మసకగా కనిపిస్తుంది. నీళ్లు పోస్తే ఆ గుంతలు నిండుతాయి, కాసేపు మెరుస్తుంది. మనం చేయాల్సింది ఆ చచ్చిన పొరను మాత్రం తీసేయడం. ఉన్నదే అర మిల్లీమీటరు కాబట్టి ఎంత తక్కువ గీకితే అంత మంచిది. కింద చెప్పే ప్రతి అడుగూ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

మన తీరంలో చాలా బోట్లకు జెల్‌కోటు పైన మళ్లీ ఎనామిల్ పెయింటు కొట్టి ఉంటారు. ఏదైనా పాత గీత దగ్గర వంగి చూడండి. రంగు పెచ్చుగా లేచి, దాని కింద ఇంకో రంగు కనిపిస్తే అది పెయింటే. దాన్ని రబ్బింగ్ కాంపౌండుతో, అంటే రుద్ది మెరుపు తెచ్చే గరుకు పేస్టుతో, గట్టిగా రుద్దితే పెయింటు పోవడం తప్ప మెరుపు రాదు. ఇక గ్లాసు బట్ట నేత బయటికి కనిపిస్తోందంటే జెల్‌కోటు ఎప్పుడో అరిగిపోయినట్టు. అక్కడ పాలిష్ చేయబోవడం దండగ, మళ్లీ జెల్‌కోటో పెయింటో వేయించాల్సిందే.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. బోటు ఎలాగూ ఒడ్డునే ఉంటుంది, దీనికి అంతకన్నా మంచి అదను లేదు. చిక్కల్లా ఎండతోనే. మే నెల మధ్యాహ్నం బోటు మీద చెయ్యి పెడితే కాలుతుంది. ఆ వేడిలో కాంపౌండు వేసిన నిమిషానికే ఎండి గట్టిపడుతుంది, వ్యాక్స్ అయితే మరకలుగా అతుక్కుపోతుంది. తెల్లవారి అయిదున్నరకు మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ఆపేయండి. లేదంటే కొబ్బరాకుల పందిరి వేసుకోండి. సరుగుడు తోట నీడ చల్లగానే ఉంటుంది గానీ, రాలిన ఆకు బోటు మీద తడిసి మగ్గితే గోధుమరంగు మరకలు పడతాయి. నీడ కోసం వెళ్లి కొత్త పని తెచ్చుకున్నట్టవుతుంది.

మొదటిసారి నేనీ పని పెట్టుకున్నప్పుడు మా చిన్నాన్న వచ్చి కాసేపు నిలబడి చూసి, "ఏట్రా, బోటుకి కూడా సోకులేటి?" అన్నాడు. సోకు కోసమే కాదని చెప్పాను. పొడిబారిన పొర మురికిని పట్టుకుంటుంది, నూనె మరకను లోపలికి లాక్కుంటుంది, ఏడాదికేడాది పలచబడుతుంది. తర్వాత ఖర్చు అంతా ఫైబర్ మీద పడుతుంది. చిన్నాన్న నమ్మినట్టు కనిపించలేదు గానీ ఆ సాయంత్రం తన తెప్ప మీద తడిగుడ్డ వేసి చూడటం మా అబ్బాయి కంటపడింది.

ఏమేం కావాలి?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కార్ల పెయింట్లు అమ్మే షాపుకు వెళ్తే చాలావరకు అక్కడే దొరుకుతాయి. వాటర్ పేపర్ (తడిపి రుద్దే ఉప్పుకాగితం, నంబరు పెరిగేకొద్దీ మెత్తన) 800, 1000, 1500, 2000 నంబర్లలో, దాన్ని చుట్టి పట్టుకోవడానికి రబ్బరు దిమ్మ, రబ్బింగ్ కాంపౌండు, సన్నటి పాలిష్, వ్యాక్స్, మాస్కింగ్ టేపు, మైక్రోఫైబర్ గుడ్డలు అరడజను, కళ్లద్దాలు, దుమ్ము మాస్కు. మెషిన్ అద్దెకు తీసుకున్నా సరే, స్పీడు తగ్గించుకునే వీలున్న పాలిషరే తీసుకోండి.

ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, నేను మొదటిసారి ఇంట్లో ఉన్న నాలుగంగుళాల గ్రైండర్‌కు ఊలు ప్యాడ్ తగిలించాను. ఆ గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్లు తిరిగే రకం. పాలిష్‌కు కావాల్సింది 1,200 నుంచి 1,800. ముక్కు దగ్గర మడత మీద రెండు సెకన్లు ఆగిందో లేదో, కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. తీసి చూస్తే అరచేయంత మేర పసుపుపచ్చగా మాడి, మధ్యలో ఫైబర్ తేలింది. ఆ ఒక్క మచ్చ బాగుచేయడానికి పట్టిన సమయంలో ఒక పక్కంతా పాలిష్ అయిపోయేది.

కడగడం

పని మొత్తంలో విసుగు పుట్టించేది ఇదే, దాటవేయకూడనిది కూడా ఇదే. ఉప్పు రేణువు, ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా తర్వాత రుద్దేటప్పుడు అదే గీతలు పెడుతుంది. ముందు నీళ్లు ధారగా పోసి ఇసుక దించండి, ఆ తర్వాతే గుడ్డ తాకించండి. ఆ నీళ్లు నోట్లో వేసుకుని రుచి చూశారా? తీరం పక్క బోర్లలో చాలాచోట్ల ఉప్పు నీళ్లే. ఉప్పు నీళ్లతో ఉప్పు కడిగి లాభం లేదు, మంచినీళ్ల బావి నుంచి నాలుగు డ్రమ్ములు తెప్పించుకోండి.

ఈ ఒక్కసారికి గిన్నెలు తోమే లిక్విడ్ సోపు వాడొచ్చు. పాత వ్యాక్స్, నూనె జిడ్డు వదలాలి కదా. ఎండిపోయిన చేప పొలుసులను గోరుతోనో చాకుతోనో గీకకండి. తడి గోనె సంచి వాటి మీద పది నిమిషాలు వేసి ఉంచితే వాటంతటవే ఊడొస్తాయి. ఇనుప మేకుల దగ్గర కారిన తుప్పు మరకలకు ఆక్సాలిక్ యాసిడ్ కలిసిన క్లీనర్ పనిచేస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని పూసి, కొద్ది నిమిషాల్లో నీళ్లతో బాగా కడిగేయాలి. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం బోటు దగ్గరికి తేవద్దు.

ఆరాక రిజిస్ట్రేషన్ నంబరు, బోటు పేరు, గంగమ్మ బొమ్మ, మడతల అంచులు, ఇవన్నీ మాస్కింగ్ టేపుతో కప్పేయండి. అంచుల మీద జెల్‌కోటు పలచగా ఉంటుంది, ముందు అరిగేది అక్కడే.

ఎంత గరుకుతో మొదలుపెట్టాలి?

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. తెల్లగా కనిపించగానే వాటర్ పేపర్ పట్టుకుంటారు. ఆగండి. ఎవరికీ కనిపించని మూల ఒక అడుగు చదరం చూసుకుని ముందు ఉత్త పాలిష్‌తో చేత్తో రుద్దండి. మెరుపు వచ్చిందా, అయితే బోటంతటికీ అదే చాలు. రాకపోతే రబ్బింగ్ కాంపౌండు. అదీ చాలకపోతేనే వాటర్ పేపర్. అదైనా ముందు 1500, అవసరమైతే 1000, మరీ మొండికేస్తే 800. అన్నిటికన్నా మెత్తటిది ఏది పనిచేస్తే అక్కడినుంచి మొదలు.

వాటర్ పేపర్ పట్టాల్సి వస్తే ముందు దాన్ని పావుగంట నీళ్లలో నానబెట్టండి. ఆ నీళ్లలో రెండు చుక్కలు సోపు వేస్తే కాగితం జారుతూ వెళ్తుంది. వేళ్లతో పట్టుకుని రుద్దకండి, వేళ్లున్నచోట గాడులు పడతాయి. దిమ్మకు చుట్టి పట్టండి. రుద్దబోయే ముందు పెన్సిల్‌తో ఆ జాగా మీద పిచ్చిగీతలు గీయండి. గీతలన్నీ సమానంగా చెరిగిపోయాయంటే ఆ నంబరు పని అయిపోయింది, ఇంక ఒక్క చెయ్యి కూడా ఎక్కువ వేయొద్దు. 800 నిలువుగా రుద్దితే 1000 అడ్డంగా రుద్దండి. పాత గీతలు పోయాయో లేదో అప్పుడే తెలుస్తుంది. కారే నీళ్లు బోటు రంగులో పాలలా వస్తే భయపడాల్సిన పని లేదు. మధ్యలో వేరే రంగు తేలుతుంటే మాత్రం అక్కడికక్కడే ఆపండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. తడి పని చేత్తోనే చేయండి, కరెంటు మెషిన్‌తో వద్దు. తడి ఇసుకలో ఒట్టికాళ్లతో నిలబడి వైరు లాగడం ప్రాణాల మీదకొచ్చే పని. పాలిషర్ ఆన్ చేసేముందు బోటూ, నేలా రెండూ ఆరాయో లేదో చూసుకోండి.

కాంపౌండు, పాలిష్

ఒకసారికి రెండడుగుల చదరం, అంతకు మించి వద్దు. కాంపౌండును శనగగింజంత చుక్కలుగా నాలుగైదు చోట్ల పెట్టి, మెషిన్ ఆఫ్‌లో ఉండగానే ప్యాడ్‌తో పులిమి, ఆ తర్వాత తక్కువ స్పీడులో ఆన్ చేయండి. ముందే ఆన్ చేశారంటే కాంపౌండు మీ మొహమ్మీదే ఉంటుంది. మెల్లగా 1,200 దాకా పెంచి, ప్యాడ్ సమానంగా ఆనేలా పట్టుకుని, ఇస్త్రీ పెట్టె జరిపినంత నిదానంగా జరపండి. ఒకచోట ఆగకూడదు. మధ్యమధ్యలో చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్లేదు, చుర్రుమంటే ఆపి చల్లారనివ్వండి. ఊలు ప్యాడ్ జిగటగా ముద్దకడితే గట్టి బ్రష్‌తో గీకి విదిలించండి.

అయిపోయిందనడానికి నా గుర్తు ఒకటుంది. రోజూ వచ్చే పేపరు తెచ్చి బోటుకు జానెడు దూరంలో పట్టుకుంటాను. హెడ్డింగు అక్షరాలు అద్దంలోలా తిరగబడి స్పష్టంగా కనిపిస్తే ఆ జాగా పూర్తయినట్టు. మసగ్గా అలుక్కుపోయినట్టుంటే ఇంకో విడత. కాంపౌండు అయ్యాక ప్యాడ్ మార్చి, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తో సన్న పాలిష్ పెట్టండి. కాంపౌండు వదిలిన సుడిగీతలు దాంతో పోతాయి. ముదురు నీలం, ఎరుపు బోట్లకు ఇది తప్పనిసరి. తెల్ల బోట్లకు కొంత చూసీచూడనట్టు పోవచ్చు.

పగుళ్లు, గుంతలు

లోతైన గీతలుంటే పాలిష్‌కు ముందే జెల్‌కోటుతో పూడ్చాలి. జెల్‌కోటుకు హార్డెనర్ (దాన్ని గట్టిపరిచే మందు) సాధారణంగా నూటికి ఒకటి నుంచి రెండు పాళ్లు, డబ్బా మీద రాసినదే చివరి మాట. మన వేసవిలో తక్కువే వేయండి, ఎక్కువైతే చేతిలోనే గట్టిపడుతుంది. మామూలు జెల్‌కోటు గాలి తగిలితే పైన జిగటగా ఉండిపోతుంది. పూడ్చిన చోట పలచని ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంచితే పూర్తిగా ఆరుతుంది. హార్డెనర్ కంట్లో పడితే చూపే పోవచ్చు, కళ్లద్దాలు లేకుండా మూత తీయకండి. త్వరగా గట్టిపడటానికి వేసే కోబాల్ట్ మందును విడిగా కొంటే దాన్ని, హార్డెనర్‌ను ఎప్పుడూ నేరుగా కలపకండి, పేలిపోతుంది. ఒకటి రెసిన్‌లో బాగా కలిశాకే రెండోది.

వ్యాక్స్

పాలిష్ చేసి వ్యాక్స్ పెట్టకుండా వదిలేస్తే మూడు నెలలకు మళ్లీ మొదటికొస్తుంది. పలచగా పూసి, పొగమంచులా తెల్లబడేదాకా ఆగి, మైక్రోఫైబర్‌తో తుడిచేయండి. మర్నాడు ఇంకో పూత. మందంగా ఒకసారి పూసేకంటే పలచగా రెండుసార్లు మేలు. కార్నూబా వ్యాక్స్ మెరుపు బాగుంటుంది గానీ మన ఎండకు త్వరగా పోతుంది. పాలిమర్ సీలెంటు ఎక్కువ రోజులు నిలుస్తుంది. వేటకెళ్లే బోటుకు నేనయితే సీలెంటే అంటాను.

డెక్కు మీద, కాలు పెట్టే అంచుల మీద, వల లాగేటప్పుడు నిలబడే చోట వ్యాక్స్ పెట్టకండి. అల మీద బోటు లేచినప్పుడు అక్కడ కాలు జారితే సముద్రంలోనే. అడుగుభాగం గురించి కూడా బెంగపడొద్దు. రోజూ ఇసుక మీద ఈడ్చే అడుక్కు మెరుపు ఎందుకు? గుంతలు, పగుళ్లు లేకుండా చూసుకుంటే చాలు.

ఆ తర్వాత రోజూ

వేట నుంచి రాగానే, ఉప్పు ఆరకముందే, రెండు బిందెల మంచినీళ్లు పైనుంచి పోయండి. ఆరిన ఉప్పును పొడిగుడ్డతో తుడవడమంటే ఉప్పుకాగితంతో రుద్దడమే. వ్యాక్స్ పెట్టాక గిన్నెల సోపు మానేయండి, అది వ్యాక్స్‌ను కూడా కడిగేస్తుంది. కారు షాంపూ వాడండి. తాటిపూడి రిజర్వాయరులో తిరిగే బోట్లకు ఉప్పు బాధ లేదు గానీ ఎండ అదే ఎండ. వ్యాక్స్ లెక్క వాటికీ ఇదే.

టార్పాలిన్ కప్పితే బోటుకు ఆనకుండా వెదురు కర్రల మీద ఎత్తుగా కట్టండి. వదులుగా ఉంటే సముద్రపు గాలికి రాత్రంతా రాసుకుని మీరు తెచ్చిన మెరుపును అదే గీకేస్తుంది.

నీళ్లు పోసినప్పుడు ముత్యాల్లా దొర్లి కిందికి జారిపోతున్నాయంటే వ్యాక్స్ ఉన్నట్టు. పరుచుకుని నిలబడితే మళ్లీ పెట్టే వేళయినట్టు. మన దగ్గర మూణ్నాలుగు నెలలకోసారి పెట్టాల్సి వస్తుంది. పెట్టిన తేదీని ఇంజన్ పెట్టె మూత లోపలివైపు మార్కర్‌తో రాసుకోండి. మా మూత మీద ఇప్పుడు ఏడు తేదీలున్నాయి. నాలుగోదానికీ అయిదోదానికీ మధ్య పదకొండు నెలలు. ఎండ ఎక్కువ పడే ఎడమపక్క మళ్లీ తెల్లబడింది ఆ మధ్యలోనే.