టిప్పర్ కింద దూరే ముందు

ఆటోనగర్ మేస్త్రీలకు, బాడీ (లోడు పోసే తొట్టి) పైకి లేపి కింద పని మొదలెట్టే ముందు:

– రాత్రి సరిగా నిద్రపోయారా? లేకపోతే పని ఇంకొకరికి ఇవ్వండి. బెజవాడ మే ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అన్నం తిన్నాక మగత కమ్మే వేళ ఈ పని వద్దు.

– ఇనుప దన్ను పెట్టారా? బాడీని లేపే జాకీని నమ్మకండి. హైడ్రాలిక్ పైపు పగిలితే బాడీ ఒక్కసారిగా దిగిపోతుంది. "రెండు నిమిషాల పనేగా" అని దన్ను మానేసేది కొత్త కుర్రాడు కాదు, చెయ్యి తిరిగిన మేస్త్రీయే. నేనూ అలా దూరినవాణ్ణే.

– "అన్నా, ఆగు" అన్న హెల్పర్‌ని కసురుకోకండి. ఒకసారి కసిరితే మళ్లీ నోరు విప్పడు. ఓనర్ తొందర ఎలాగూ ఉండేదే.

– ఫోన్ బయట. బండి తాళం దూరే మనిషి జేబులో.