రౌండ్ ఐలాండ్ బాటిల్ పామ్‌ను మారిషస్ పెరట్లో పెంచే విధానం

మారిషస్ ఉత్తర తీరానికి సుమారు 22 కిలోమీటర్ల దూరంలో రౌండ్ ఐలాండ్ అనే చిన్న అగ్నిపర్వత ద్వీపం ఉంది. అక్కడ నేలంతా ఏటవాలు రాయి, మట్టి పలుచన, ఉప్పుగాలికి అడ్డు లేదు. హయోఫోర్బె లాజెనికాలిస్ అనే బాటిల్ పామ్ నేడు అడవి చెట్టుగా సహజంగా పెరిగేది ఆ ఒక్క ద్వీపంలోనే. మనుషులు తెచ్చి వదిలిన మేకలు, కుందేళ్లు నేలలోంచి తల ఎత్తిన ప్రతి మొలకనూ కొరికివేయడం వల్ల ఒక దశలో అక్కడ ముదురు చెట్లు వేళ్ల మీద లెక్కించదగినన్నే మిగిలాయి. 1979 నాటికి మేకలను, 1986లో కుందేళ్లను పూర్తిగా తొలగించిన తరువాతనే పిల్లమొక్కలు తిరిగి నిలదొక్కుకున్నాయి. పెరట్లో ఈ చెట్టును పెంచదలచినవారు ఆ రాతినేలను మనసులో ఉంచుకోవాలి. నా దృష్టిలో దీన్ని నిర్లక్ష్యం కంటే అతి గారాబమే ఎక్కువగా చెడగొడుతుంది.

ముందుగా సరైన మొక్కను ఎంచుకోవాలి, ఎందుకంటే ఈ పేరు అన్నిచోట్లా ఒకే చెట్టుది కాదు. ఆంధ్ర, తెలంగాణ నర్సరీలలో బాటిల్ పామ్ పేరుతో అమ్మేది చాలాసార్లు రాయల్ పామ్. అది ఇరవై మీటర్ల ఎత్తుకు పోయే వేరే చెట్టు. అసలైన బాటిల్ పామ్ పొట్టిది, దాని కాండం మొదలు దగ్గర కూజాలా ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. లేత వయసులో ఆకుమట్టల మీద, ఆకు అంచుల మీద ఎర్రని జీర కనిపిస్తుంది. దీనికి దగ్గరి బంధువైన రోడ్రిగ్స్ ద్వీపపు స్పిండిల్ పామ్‌కు కాండం నడుమ భాగంలో లావుగా ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన ఉంటే సులభంగా సంకరమవుతాయి కాబట్టి, స్పిండిల్ పామ్ లేని తోటలోని చెట్టు నుంచే గింజలు తీసుకోవడం మంచిది. ఇదే ప్రజాతికి చెందిన మరో జాతి, హయోఫోర్బె అమారికాలిస్, ప్రపంచం మొత్తంలో ఒకే ఒక్క చెట్టుగా మారిషస్‌లోని క్యూర్‌పీప్ బొటానికల్ గార్డెన్‌లో మిగిలింది; ఈ కుటుంబంలో గింజ స్వచ్ఛతను పట్టించుకోవడం చాదస్తమేమీ కాదు.

పండిన కాయల గుజ్జు చర్మానికి దురద పుట్టించవచ్చు కనుక చేతి తొడుగులు వేసుకుని దానిని పూర్తిగా వలిచి, గింజలను ఒకటి రెండు రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. ఎండిపోయిన పాత గింజలతో కాలయాపన తప్ప ఫలితం ఉండదు. గరుకు ఇసుక, కొబ్బరి పొట్టు సమానంగా కలిపిన మిశ్రమంలో ఒక సెంటీమీటరు లోతున నాటి, తడి ఆరకుండా, అలాగని నీరు నిలవకుండా, వెచ్చని నీడలో ఉంచాలి. మొలకలు ఒకేసారి రావు. కొన్ని రెండు మూడు నెలలకు, కొన్ని ఆరు నెలలకు వస్తాయి. అందువల్ల గింజ బతికి ఉందో లేదో చూద్దామని మట్టిని తవ్వి చూడడం మానుకోవాలి. చివర రెండుగా చీలిన మొదటి ఆకు విచ్చుకున్న తరువాత, వేళ్లు కదలకుండా మొలకను కుండీలోకి మార్చుకోవచ్చు. ఈ దశలో ఆఫ్రికన్ నత్తలు రాత్రికి రాత్రే మొలకలను మాయం చేస్తాయి కాబట్టి కుండీలను ఎత్తైన బల్ల మీద ఉంచాలి.

రెండు మూడేళ్లు కుండీలో పెరిగి గట్టిపడిన మొక్కను వానలు మొదలయ్యే రోజుల్లో, రోజంతా ఎండ తగిలే చోట నేలలో నాటాలి. గొయ్యి వేళ్ల ముద్దకు రెండింతల వెడల్పు ఉంటే చాలు. లోతు మాత్రం కుండీలో మట్టి ఎంతవరకు ఉందో అంతకు మించకూడదు. కుదురుగా నిలుస్తుందని మొదలును మట్టిలో పూడ్చేస్తే వేళ్లకు గాలి అందక, కొత్త ఆకులు పాలిపోతాయి. మారిషస్ ఉత్తర తీరంలోని గ్రాండ్ బే వైపు పగడపు ఇసుక నేలలో నీరు త్వరగా ఇంకిపోతుంది కనుక పాదులో ఆకుచెత్త కప్పాలి, అది కాండానికి తగలకూడదు. క్యూర్‌పీప్ వంటి వానలెక్కువైన మిట్ట ప్రాంతంలో నేలను కొద్దిగా గుట్టగా ఎత్తి నాటాలి. చలికాలంలో అక్కడ ఎదుగుదల మరీ మందగిస్తుంది.

ఉబ్బిన కాండం నీటిని దాచుకుంటుందన్న నమ్మకం నిజం కాదు. నాటిన మొదటి ఏడాది వారానికి రెండుసార్లు లోతుగా తడిపి, ఆ తరువాత పైమట్టి ఆరినప్పుడే నీళ్లు పెట్టాలి.

ఈ చెట్టు ఆరోగ్యమంతా పొటాష్ మీద ఆధారపడి ఉంటుంది. పొటాష్ తగ్గినప్పుడు చెట్టు ముదురు ఆకులలోని నిల్వను లాగి కొత్త ఆకులకు పంపుతుంది. ముదురు ఆకును ఎండకు ఎదురుగా పట్టి చూస్తే, వెలుతురు దిగే పసుపు, నారింజ రంగు చుక్కలు కనిపిస్తాయి. క్రమంగా ఆకు కొనలు ఎండి ముడుచుకుంటాయి. చూడటానికి అసహ్యంగా ఉందని అలాంటి ఆకును కోసేస్తే, చెట్టు తనకున్న నిల్వను పోగొట్టుకుని, దాని పై ఆకు నుంచి లాగడం మొదలుపెడుతుంది. తలలో మొత్తం నాలుగు నుంచి ఎనిమిది మట్టలే ఉండే చెట్టుకు ఒక మట్ట పోవడం చిన్న నష్టం కాదు. పూర్తిగా ఎండిన మట్ట దానంతట అదే ఊడిపడుతుంది, కత్తితో పని లేదు. తుపానుకు ముందు తోటమాలులు పచ్చి మట్టలు నరికే అలవాటు కూడా ఈ చెట్టు విషయంలో అనవసరం. పొట్టి కాండం, కొద్దిపాటి ఆకులు గాలికి తట్టుకోవడానికి అనువైనవే.

ఇసుక నేలల్లో నత్రజని 8, భాస్వరం 2, పొటాష్ 12, మెగ్నీషియం 4 పాళ్లలో, నెమ్మదిగా కరిగే ఎరువును చదరపు మీటరుకు సుమారు 75 గ్రాముల చొప్పున మూడు నెలలకోసారి ఆకుల గొడుగు కింద చల్లాలి. పొటాష్ కూడా నెమ్మదిగా కరిగే రూపంలో ఉండటం ముఖ్యం, లేకపోతే మొదటి పెద్ద వానకే ఇసుకలోంచి కొట్టుకుపోతుంది. గడ్డి కోసం అమ్మే నత్రజని ఎరువు పొరపాటున కూడా దగ్గరికి రానీయకూడదు, అది పొటాష్ కొరతను మరింత పెంచుతుంది. సున్నం పాలు ఎక్కువగా ఉన్న పగడపు నేలలో మాంగనీసు అందక మొవ్వు ఆకులు ముడతపడి కాలినట్టుగా రావచ్చు. అప్పుడు మాంగనీసు సల్ఫేటు వేయాలి.

ఎన్నో ఏళ్ల తరువాత ఆకుల తొడుగు కింద కొమ్ముల ఆకారంలో పూమొగ్గలు బయటికి వస్తాయి. ఒకే గెల మీద మగ, ఆడ పూలు ఉంటాయి కాబట్టి ఒంటరి చెట్టు కూడా కాయలు కాస్తుంది. చుట్టుపక్కల స్పిండిల్ పామ్ ఉంటే ఆ గింజలను బాటిల్ పామ్ పేరుతో ఇతరులకు ఇవ్వకూడదు. స్పిండిల్ పామ్ దగ్గర్లో లేకపోతే, తల్లిచెట్టు ఏ ఊరిదో, ఏ నెలలో కోశారో సంచీ మీద రాసి ఇవ్వాలి. రౌండ్ ఐలాండ్ రక్షిత ప్రాంతం, అనుమతి లేనిదే అడుగు పెట్టరాదు. అక్కడి నుంచి గింజ తేవడం ఎంత తప్పో, పెరటి గింజను తీసుకెళ్లి అక్కడ చల్లడం కూడా అంతే తప్పు.