నీడ నీడలాగే ఉండాలి: ఎక్స్‌పోజర్లను కలపడం ఎలా?

నీడలోని స్తంభం ఎండలోని నేల కంటే వెలిగిపోతున్న ఫోటో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లేపాక్షి నాట్యమండపంలో నిలబడి ప్రాంగణం వైపు తీసిన ఫోటోల్లో సగం ఇలాంటివే. శిల్పమూ బయటి ఎండా ఒకే ఫ్రేములో ఇమడవు నిజమే, అందుకే ఎక్కువ, తక్కువ వెలుతురుతో తీసిన ఫోటోలను (ఎక్స్‌పోజర్లను) కలుపుతాం. అలాగని మండపంలో ట్యూబ్‌లైట్లు వెలిగించినట్టు కనిపించకూడదు కదా.

ఫోటోలు తీయడం తేలిక. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫోటో), ఐఎస్ఓ (కాంతికి స్పందించే స్థాయి) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8, మాన్యువల్ ఫోకస్, రెండు సెకన్ల టైమర్. కెమెరా కదలకూడదు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి. లేదంటే సంచిని అరుగు మీద పెట్టి దానిపై కెమెరా ఆనించండి. షట్టర్ తెరిచి ఉండే సమయం ఒక్కటే మార్చండి: సెకనులో 1/500, 1/125, 1/30, 1/8 వంతు. చివరిది తీయండి కానీ వాడకండి. నేనైతే ఎప్పుడూ వాడను. స్తంభానికి 1/30, బయటికి 1/500 చాలు.

గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 1/30 ఫ్రేము కింద, 1/500 ఫ్రేము పైన పొరలుగా (లేయర్లుగా) పెట్టండి. పై లేయర్‌కు మాస్క్ (తెల్లగా ఉన్నచోట లేయర్‌ను చూపి, నల్లగా ఉన్నచోట దాచే ముసుగు) చేర్చేటప్పుడు ఆ లేయర్ నలుపు తెలుపు నకలునే మాస్క్‌గా ఎంచుకోండి. తర్వాత మాస్క్‌పై లెవెల్స్ (నలుపు తెలుపులను సర్దే పనిముట్టు) తెరిచి, ఎండ పడిన చోటు తెల్లబడేదాకా జరపండి.

అందరూ చెడగొట్టేది ఇక్కడే. స్తంభం చుట్టూ గీత గీసి ఎంచుకుని, అంచును ముప్పై పిక్సెళ్ల మేర మెత్తబరుస్తారు. అప్పుడు ప్రకాశవంతమైన ఫ్రేము స్తంభం దాటి బయటికి కారుతుంది, రాతి చుట్టూ తెల్లటి వలయం ఏర్పడుతుంది. దేవుడి పటం వెనక కాంతి చక్రంలా! మాస్క్‌ను ఒకటి రెండు పిక్సెళ్లకు మించి మసకబార్చవద్దు. మెత్తదనమంతా ఆ నలుపు తెలుపు నకలులోనే ఉంది.

స్తంభం అంచును 200 శాతం పెద్దది చేసి చూడండి. ఎండవైపు ఉన్న అంచున శిల్పం భుజం మీద సన్నని వెలుగు జారి ఉంటుంది. దాన్ని ముంచేయకండి, రాయి గుండ్రంగా కనిపించేది దానివల్లే. ఎక్కడైనా అతిగా ఉంటే 10 శాతం అపాసిటీ (గాఢత) బ్రష్‌తో మాస్క్ మీద కొద్దికొద్దిగా దిద్దండి. తొందరపడి 50 పెట్టారో, మరకే.

ఇంత కష్టం దేనికి, గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ (పైభాగం నల్లగా, కిందికి తేటగా ఉండే అద్దం) ఉందిగా అంటారు. అది సముద్ర తీరానికి పనికొస్తుంది. స్తంభం పైనుంచి కిందిదాకా నిలువుగా ఉంటుంది, ఫిల్టర్ దాని తలను నల్లబరుస్తుంది. ఇక ఫ్రేములను తనంతట తానే కలిపే ఆటోమేటిక్ హెచ్‌డీఆర్ బటన్ సంగతి: దానికి నీడంటే తప్పులా కనిపిస్తుంది కాబోలు, ఎక్కడున్నా తుడిచిపెట్టాలని చూస్తుంది.

అయ్యాక రంగులు తీసేసి, కళ్లు సగం మూసుకుని చూడండి. బయటి నేల మండపం కంటే ఇంకా వెలుగ్గానే ఉండాలి. లేకపోతే కింది లేయర్ వెలుగును ఒక స్టాపు (అంటే సగానికి) తగ్గించండి.

ప్రాంగణంలో యాత్రికులు నడుస్తుంటే రెండు ఫ్రేముల్లో రెండు చోట్ల ఉంటారు. స్తంభం పక్కన సగం కాలో, తల లేని నీడో మిగులుతుంది. అక్కడ మాస్క్‌ను పూర్తిగా తెల్లబరిచి, 1/500 ఫ్రేములోని మనిషినే ఉంచండి.