తయారుచేసే పిచ్చిని ఉద్యోగమిచ్చేవారి ముందు ఎలా పెట్టాలి?

“చిన్నప్పటి నుంచి మెషిన్లంటే పిచ్చండి.”

భీమవరంలో ఏరియేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే మెషిన్లు) చేసే షెడ్డుకి వెళ్లినా, కాకినాడలో పెద్ద ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకి వెళ్లినా మనవాళ్లు ముందు చెప్పే మాట ఇదే. అబద్ధమేం కాదు. రేడియో విప్పి మళ్లీ బిగించలేక తన్నులు తిన్నవాళ్లు, పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగేవాళ్లు డెల్టాలో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. కానీ అవతల కూర్చున్నాయన పొద్దున్నుంచి ఆ మాట వింటూనే ఉండి ఉంటాడు. ఆయన తెలుసుకోవాలనుకునేది వేరే. ఈ మనిషికి పని అప్పజెప్పాక ఎక్కడో అడ్డం పడితే ఏం చేస్తాడు? ఏళ్ల తరబడి ఏదో ఒకటి తయారుచేస్తూ వచ్చినవాళ్ల దగ్గర దీనికి మంచి జవాబే ఉంటుంది. దాన్ని చెప్పడం దగ్గరే చిక్కు.

ముందు ఒక్క వస్తువు ఎంచుకోండి

ఇప్పటిదాకా మీరు చేసినవన్నీ ఓ కాగితం మీద రాయండి. బాగుచేసినవి కూడా రాయండి. అమ్మ కుట్టుమిషను, పక్కింటి వాళ్ల మోటారు, గుడి మైకు సెట్టు, ఏదైనా సరే. తర్వాత అందులోంచి ఒక్కదాన్ని పట్టుకోండి. అది పెద్దది కానక్కర్లేదు, అందంగా ఉండాల్సిన పని అంతకన్నా లేదు. మీరు కాక ఇంకొకరు వాడుతున్నదైతే మంచిది. వాడేవాళ్లు తిడతారు. తిట్లు తిన్న వస్తువుకి మార్పులు జరుగుతాయి, మీ బుర్ర ఎలా పనిచేస్తుందో ఆ మార్పుల్లో కనబడుతుంది. కాలేజీ షోకేసులో పెట్టిన థర్మాకోల్ మోడల్‌ని ఎవరూ తిట్టరు.

వెళ్లే చోటుని బట్టి వస్తువు మారాలి. మండపేటలో రైస్ మిల్లు యజమానికి ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటర్ బెల్టు పక్కకి జరిగిపోకుండా మీరు చేసిన సర్దుబాటు చెప్పండి, కుర్చీ ముందుకి జరుపుకుంటాడు. అదే మిల్లులో డ్రోను గురించి మొదలుపెడితే టీ తాగించి పంపేస్తాడు. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు యూనిట్‌కి వెళ్తుంటే దుమ్ముకి బేరింగులు ఎలా పాడవుతాయో, మీరు వాటిని ఎలా కాపాడారో చెప్పడం ఎక్కువ పనికొస్తుంది.

దాని కథంతా చెప్పండి, చెడిపోయిన చోటుతో సహా

ఎక్కువమంది తేలిగ్గా దాటేసేది ఇక్కడే. కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

ఆకివీడు వైపు ఒక కుర్రాడు రొయ్యల చెరువు దగ్గర కరెంటు పోతే మోగే అలారం చేశాడనుకోండి. మామూలుగా అయితే “కరెంటు అలారం చేశానండి, బాగా పనిచేసింది” అంటాడు. అక్కడితో మాట ఆగిపోతుంది, అవతలివాళ్లకి అడగడానికి ఏమీ మిగలదు. అదే ఇలా చెబితే?

“రాత్రిళ్లు చెరువులో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుందండి, తెల్లవారుజాముకి మరీ తక్కువైపోతుంది. ఆ టైములో కరెంటు పోయి ఏరియేటర్లు ఆగి, కాపలా ఉన్నాయన నిద్రపోతే పంట పోయినట్టే. అందుకని ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు, పెట్టాను. కరెంటు ఉన్నంతసేపు రిలే లాగిపట్టి ఉంటుంది, పోగానే వదిలేస్తుంది, సైరన్ మోగుతుంది. సైరన్‌కి కూడా ఆ లైనే ఇస్తే దాంతోపాటు అదీ ఆగిపోతుంది కదండి, అందుకే బ్యాటరీ పెట్టాను. కొన్నాళ్లకి మోటార్లకి కరెంటు తెచ్చే మూడు లైన్లలో, అంటే మూడు ఫేజుల్లో, ఒకటి పోయింది. నా రిలే ఇంకో ఫేజు మీద ఉంది, మోగలేదు. ఒక మోటారు లోపలి తీగ చుట్టు, అదే వైండింగ్, కాలిపోయింది. అప్పుడు ఫేజుకో రిలే పెట్టి, మూడింట్లో ఏది వదిలినా మోగేలా కలిపాను.”

చెప్పడానికి నిమిషం పట్టదు. చెరువు రైతుకి ఏం కావాలో ఇతనికి తెలుసని, బ్యాటరీ ఎందుకో ఆలోచించే పెట్టాడని, తేడా వచ్చినప్పుడు కారణం వెతికాడని వినేవాళ్లకి అర్థమైపోతుంది. మోటారు కాలిన సంగతి దాచి ఉంటే మూడు రిలేలు ఎందుకొచ్చాయో చెప్పడానికే ఉండేది కాదు.

వినేది పని తెలిసినాయన అయితే వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాడు. “మోటార్లు తిరుగుతున్నప్పుడు ఒక ఫేజు పోతే, ఆ పోయిన ఫేజు మీద కూడా మోటార్ల వల్ల కొంత వోల్టేజి ఉంటుంది కదా. నీ రిలే వదులుతుందా?” మంచి ప్రశ్న. తిరిగే మోటారే ఆ వోల్టేజిని పుట్టిస్తుంది కాబట్టి రిలే వదలకపోవచ్చు. ఫేజు పోతే కనిపెట్టడానికి బజారులో దొరికే ఫేజ్ ఫెయిల్యూర్ రిలేల్లో చాలావరకు మూడు ఫేజుల మధ్య తేడాని కొలిచేది ఇందుకే. ఇది మీకు ముందే తెలిసి ఉండాలని లేదు. “తప్పకుండా వదులుతుందండి” అని బుకాయించారంటే మాత్రం అంతవరకు చెప్పినదంతా నీళ్లపాలు. “మోటార్లు ఆపి ఉన్నప్పుడే చూశానండి. తిరుగుతున్నప్పుడు ఒక ఫ్యూజు తీసి వోల్టేజి కొలవాలి” అనండి. నా లెక్కలో ఈ జవాబుకి ఉద్యోగం ఇచ్చేయొచ్చు.

ఇంట్లో కథ చెప్పుకుంటూ ప్రాక్టీసు చేయండి. మెషిన్ల సంగతి తెలియని పిన్నికో బాబాయికో చెప్పి, ఎక్కడ మొహం అటు తిప్పుకున్నారో చూడండి. అక్కడ కత్తిరించాలి.

ఎవరేం చేశారో విడమర్చండి

మన వైపు సొంత పనిని కూడా పదిమందిలో కలిపేసి చెప్పడం మర్యాద. “మా బ్యాచ్ అంతా చేశామండి”, “నాన్నగారి షెడ్డులో చేశారండి” అంటాం. ఆడపిల్లలైతే మరీను. వైండింగ్ తాను చుట్టి, పేరు అన్నయ్యది చెబుతారు. ఇంటర్వ్యూలో ఈ మర్యాద మీకే నష్టం. “ఫ్రేము వెల్డింగ్ నాన్నగారిది, కొలతలూ వైరింగూ నావి” అంటే గొప్పలు పోయినట్టు కాదు, తండ్రిని తక్కువ చేసినట్టూ కాదు. పైగా వెల్డింగ్ గురించి అడిగితే ఇరుక్కోకుండా బయటపడతారు.

తాళ్లరేవు, కోరంగి వైపు చెక్క పడవలు కట్టే కుటుంబాల పిల్లలకి ఇంకో ఇబ్బంది. పని చూసి నేర్చుకున్నారు, చేతికి వచ్చు, కాగితం మీద ఎప్పుడూ పెట్టలేదు. అలాంటివాళ్లు వెళ్లేముందు ఒక పడవ పొడవు, వెడల్పు, వాడిన చెక్క, పలకల మధ్య సందులు ఎలా పూడుస్తారు, ఎన్నాళ్లు పట్టింది, ఇవి రాసుకోవాలి. ఒక చేతి బొమ్మ గీసుకోవాలి. బొమ్మ వంకరగా ఉన్నా ఫర్వాలేదు, కొలతలు వేస్తే చాలు.

ఫోటోలు

మొదలుపెట్టినప్పటిది, సగంలో ఉన్నప్పటిది, పూర్తయ్యాక వాడుతున్నది. ఈ మూడు రకాలూ ఉండాలి. పక్కన ఓ స్కేలో టేపో పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి. వీడియో నిమిషం లోపు ఉంటే చూస్తారు. వెనకాల సినిమా పాట పెట్టకండి, మెషిను చప్పుడు వినబడాలి. చప్పుడు విని బేరింగు సంగతి చెప్పేవాళ్లు ఉంటారు.

ఒక్క జాగ్రత్త. హవాయి చెప్పులతో, కళ్లకి అద్దాలు లేకుండా వెల్డింగ్ చేస్తున్న ఫోటో, నీళ్లలో నిలబడి వైరు పట్టుకున్న ఫోటో పంపకండి. మనకి అది ధైర్యంలా కనిపిస్తుంది. గ్యాస్, ఎరువుల ప్లాంట్లలో పనిచేసినవాళ్లకి ముందు కనిపించేది ఆ చెప్పులే. ఎర్తింగ్ ఎలా ఇచ్చారో చూపించే ఫోటో ఉంటే అది పెట్టండి. ఇదివరకు పనిచేసిన చోట తీసిన డ్రాయింగులు, వాళ్ల మెషిన్ల ఫోటోలు చూపించడం కూడా వద్దు. రేపు తమవీ ఇలాగే బయటికి పోతాయని అనుకుంటారు.

రెజ్యూమె

ఒక్క పేజీ. ‘హాబీలు’ అని అడుగున రాసే ముక్కని పైకి తీసుకొచ్చి, చదువు పక్కనే పెట్టండి. “కొత్త వస్తువులు తయారుచేయడం ఇష్టం” అని కాకుండా, “రొయ్యల చెరువుకి మూడు ఫేజుల కరెంటు అలారం: సొంత డిజైను, బ్యాటరీ సైరన్, చెరువు మీద వాడకంలో ఉంది” అని రాయండి. ఖర్చు ఎంతయిందో కూడా వేయండి, డబ్బు సంగతి యజమాని తప్పకుండా చదువుతాడు. వాడుతున్న రైతు ఒప్పుకుంటే “అడిగితే ఆయన నంబరు ఇస్తాను” అని ఓ మాట చేర్చండి.

ఇంటర్వ్యూ రోజు

సంచిలో పట్టే వస్తువైతే తీసుకెళ్లండి. మూత తీయడానికి స్క్రూడ్రైవరు మర్చిపోకండి. “మీ గురించి చెప్పండి” అనగానే కాటన్ దొర దగ్గర్నుంచి ఎత్తుకోవద్దు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని వాళ్లకీ తెలుసు. పేరు, ఊరు, చదువు రెండు ముక్కల్లో ముగించి, “నేను చేసింది ఒకటి తెచ్చానండి, చూపించమంటారా?” అని అడగండి. వద్దంటే పట్టుబట్టకండి. ఇంగ్లిష్‌లో అడిగితే టెన్షన్ పడి నోరు కట్టేసుకోవద్దు. కథని ముందే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాసి పెట్టుకోండి, మిగతాది వస్తువు చూపించి చెప్పొచ్చు.

సర్టిఫికెట్ లేకపోతే

షెడ్డుల్లో పని చూసి తీసుకుంటారు, పెద్ద కంపెనీ గేటు దగ్గర మాత్రం కాగితం అడుగుతారు. పని వచ్చి చదువు లేనివాళ్ల నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో పెట్టారు. ఇప్పుడు మీ ట్రేడుకి దగ్గర్లో ఎక్కడ జరుగుతోందో ఐటీఐలో అడగండి. అప్రెంటిస్‌గా చేరడం ఇంకో దారి. 1961 అప్రెంటిస్ చట్టం కింద నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి.

“వారం రోజులు వచ్చి పనిచెయ్, చూద్దాం” అంటే

చిన్న షెడ్డుల్లో ఇది మామూలే. ఒప్పుకోవచ్చు, కాకపోతే ముందే మూడు సంగతులు అడగండి: వారానికి కూలి ఎంత, పని ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది. “అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, ఇంట్లో చెప్పాలండి” అంటే ఎవరూ తప్పు పట్టరు. మీ సొంత పనిముట్లు తీసుకెళ్తుంటే వాటి మీద పేరు చెక్కించుకుని వెళ్లండి. షెడ్డులో స్పానర్లు ఒకరివి ఒకరి దగ్గరికి తేలిగ్గా చేరిపోతాయి.