లోపల ప్రాసెసర్ ఉన్న ఎఫ్‌పీజీఏనా, విడి ప్రాసెసరా: ఎంచుకునే పద్ధతి

గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే సరుకులో తాలు కాయలను ఏరివేసే కలర్ సార్టర్‌కు కంట్రోల్ బోర్డు రూపొందించాలనుకునేవారికి మొదటే ఒక సందేహం వస్తుంది. జింక్-7000 (Zynq) చిప్ మాదిరిగా రెండు ఆర్మ్ ప్రాసెసర్ కోర్లను తనలోనే ఇముడ్చుకున్న ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను, అంటే లాజిక్‌ను, మనమే అమర్చుకోగల చిప్) తీసుకోవాలా, లేక చిన్న ఎఫ్‌పీజీఏ పక్కన విడిగా ప్రాసెసర్ పెట్టుకోవాలా? చాలామంది కోర్ల సంఖ్యనూ వేగాన్నీ చూసి తేల్చేస్తారు. అంతకంటే ముందు చూడవలసింది లాజిక్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య సెకనుకు ఎంత డేటా నడవాలి, జవాబు ఎంతసేపట్లో తిరిగి రావాలి అన్నది.

ఆ లెక్కను కాగితం మీద వేయండి. 2048 పిక్సెళ్ల లైన్ స్కాన్ కెమెరా సెకనుకు 10,000 లైన్లు తీస్తే, పిక్సెల్‌కు 3 బైట్ల చొప్పున సుమారు 61 మెగాబైట్లవుతుంది. రెండు చిప్‌ల మధ్య డేటా పంపే ఎస్‌పీఐ లింకు, 50 మెగాహెర్ట్జ్‌తో నడిచే మామూలు రకమైతే, దాని మీద సెకనుకు 6.25 మెగాబైట్లకు మించి వెళ్లవు. జింక్ లోపల మెమరీకి దారితీసే 64 బిట్ల హెచ్‌పీ (హై పెర్ఫార్మెన్స్) పోర్టులు నాలుగు ఉంటాయి. 150 మెగాహెర్ట్జ్ వద్ద ఒక్కో పోర్టు ఒక దిశలో, సిద్ధాంతరీత్యా, 1200 మెగాబైట్లు మోయగలదు. బొమ్మ మొత్తాన్నీ ప్రాసెసర్ చూడవలసివస్తే కలిసి ఉన్న చిప్‌నే ఎంచుకోవాలి.

అయితే ప్రాసెసర్ నిజంగా బొమ్మను చూడాలా? రంగును పోల్చి కాయను తిరస్కరించే నిర్ణయం లాజిక్‌లోనే ముగిస్తే, ప్రాసెసర్‌కు చేరవలసినవి కాయల లెక్కలూ సెట్టింగులూ మాత్రమే. వాటికి ఎస్‌పీఐ ధారాళంగా సరిపోతుంది. సమయం కూడా ఈ పద్ధతినే కోరుతుంది. సెకనుకు 3 మీటర్ల వేగంతో జారే కాయ, కెమెరాకు 15 సెంటీమీటర్ల దిగువన ఉన్న గాలి నాజిల్‌ను 50 మిల్లీసెకన్లలో చేరుతుంది. గాలిని వదిలే వాల్వు 5 మిల్లీసెకన్లు ఆలస్యమైతే కాయ ఒకటిన్నర సెంటీమీటర్లు దాటిపోతుంది, పక్కనున్న మంచి కాయ ఎగిరిపోతుంది. అందుచేత ఏ చిప్ ఎంచుకున్నా వాల్వుల దారిలో ప్రాసెసర్ మీద నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెట్టవద్దు.

స్టార్టప్ విషయంలో రెండింటికీ తేడా పెద్దది. జింక్‌లో ముందు ప్రాసెసర్ మేల్కొని, ఆ తరువాతే లాజిక్‌ను నింపుతుంది; అప్పటివరకు వాల్వులు మూసి ఉండేలా బయట రెసిస్టర్లు పెట్టి తీరాలి. విడి ఎఫ్‌పీజీఏ తన ఫ్లాష్ నుంచి తానే లోడవుతుంది, ప్రాసెసర్ రీబూట్ అయినా తాలు ఏరడం ఆగదు. సీజన్‌లో రాత్రింబవళ్లు నడిచే యంత్రానికి ఈ గుణం ఎంతో విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

బోర్డు తయారీ సంగతికి వస్తే, జింక్ బీజీఏ ప్యాకేజీలో, అంటే కాళ్లకు బదులు చిప్ అడుగున టంకం గుళికలతో, వస్తుంది. దానికి డీడీఆర్ మెమరీకి వెళ్లే రాగి గీతలను (ట్రాకులను) పొడవు సరిచూసి గీయాలి, విద్యుత్ సప్లైలను వరుసక్రమంలో ఇవ్వాలి. విడి ప్రాసెసర్‌గా కాళ్లు బయటకు కనిపించే మైక్రోకంట్రోలర్‌ను పెడితే, దాన్ని విజయవాడ ఆటోనగర్‌లో యంత్రం నడిపేవారు మామూలు టంకంతో మార్పించుకోగలరు. జింకే కావాలంటే రెడీమేడ్ మాడ్యూల్ కొని, దాని కింది బోర్డు మాత్రమే మీరు గీయడం మేలు. మన ఎండలకు, మూసిన పెట్టెలో, 85 డిగ్రీల జంక్షన్ (చిప్ లోపలి సిలికాన్) ఉష్ణోగ్రత పరిమితి గల కమర్షియల్ గ్రేడ్ చాలదు. 100 డిగ్రీల ఇండస్ట్రియల్ గ్రేడే అడగండి.

బొమ్మలను అప్పుడప్పుడు దాచుకోవాలన్న ఒక్క కారణంతో పెద్ద చిప్‌కు వెళ్లకండి. తిరస్కరించిన కాయల బొమ్మలు కొన్నింటిని ఎఫ్‌పీజీఏ పక్కనున్న చిన్న మెమరీలో ఉంచి, తీరికగా పంపవచ్చు. కాయలోని మచ్చలను న్యూరల్ నెట్‌వర్క్‌తో గుర్తించే ఆలోచన ఉంటే మాత్రం, పై లెక్కను ఆ డేటాతో మళ్లీ వేసి, డెవలప్‌మెంట్ బోర్డు మీద అసలు కాయలతోనే నడిపి చూసిన తరువాత చిప్‌కు ఆర్డర్ ఇవ్వండి.