తురాయి, రేల, దేవకాంచనం: ఒకే పోలిక చెట్లను ఆకుతో, కాయతో గుర్తుపట్టడం

తొలకరి పడగానే కడియం, కడియపులంక నర్సరీల్లో చెట్ల మొక్కల అమ్మకం ఊపందుకుంటుంది. చిక్కేమిటంటే ఆ సమయానికి మొక్క మీద పువ్వు ఉండదు. మూడడుగుల కవరు మొక్క, దానికి వేలాడే చీటీ మీద ‘కాసియా’ అన్న ఒక్క మాట, అంతే. ఆ ఒక్క పేరుతో పసుపు పూల చెట్లు మూడు రకాలు, గులాబీ పూల చెట్లు ఇంకో మూడు రకాలు చేతులు మారుతుంటాయి. రేల అనుకుని నాటింది సీమ తంగేడు అని తెలిసేది అది పూశాకే. ఈలోగా దాని నీడ పెరడంతా పరుచుకుంటుంది.

పువ్వు రంగును నమ్ముకుంటే ఈ చిక్కు తీరదు. రంగు చెట్టు చెట్టుకీ మారుతుంది. ఎర్ర తురాయిలోనే పసుపు పూలు పూసే రకం ఒకటుంది, తెల్ల పూల దేవకాంచనమూ ఉంది. ముందు ఆకు అమరిక చూడాలి, తరవాత కాయ, ఆ తరవాత పువ్వులోని కేసరాలు. రంగు అన్నిటికన్నా చివర. చేతిలో 15 సెంటీమీటర్ల స్కేలు, పదింతలు పెద్దగా చూపే చిన్న భూతద్దం ఉంటే చాలు.

ఆకు ఎక్కడ మొదలవుతుందో ముందు తేల్చుకోండి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. తురాయి, రేల లాంటి చెట్లలో మనం ఆకు అనుకునేది నిజానికి ఆకులో ఒక ముక్క, అంటే చిట్టాకు. కాడ కొమ్మకు అతుక్కునే చోట పైవైపు చిన్న మొగ్గ కనిపిస్తే అక్కడినుంచి ఒక పూర్తి ఆకు మొదలైనట్టు. చిట్టాకు మొదట్లో ఎప్పుడూ మొగ్గ ఉండదు. మొగ్గ దొరికాక నాలుగు సంగతులు రాసుకోండి. ఈనెకు చిట్టాకులు నేరుగా ఉన్నాయా, లేక ఈనెకు పిల్ల ఈనెలు వచ్చి వాటికి ఉన్నాయా? కొమ్మ మీద ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా? చిట్టాకులు ఎన్ని జతలు? ఒక్కో చిట్టాకు పొడవెంత, కొస మొనదేలిందా, గుండ్రంగా ఉందా, నొక్కుపడిందా?

ఆకును కొమ్మ మధ్య భాగం నుంచి కోయండి. నరికిన మోడు నుంచి వచ్చిన పిలకల ఆకులు మామూలు కన్నా బాగా పెద్దవిగా ఉంటాయి, ఏడాది లోపు మొక్కలవి చిన్నవిగా ఉంటాయి. కింద ఇచ్చిన కొలతలు ఎదిగిన కొమ్మలకు సరిపోయేవి. లేత మొక్క దగ్గర పొడవు కన్నా జతల లెక్క, కొస ఆకారం ఎక్కువ పనికొస్తాయి.

తురాయిలు

ఎర్ర తురాయి డెలోనిక్స్ రీజియా. పాత చీటీల మీద పాయిన్‌సియానా రీజియా అని ఉంటుంది, రెండూ ఒకటే. పుట్టిల్లు మడగాస్కర్. పచ్చ తురాయి, అదే పచ్చ సుంకేసుల, పెల్టోఫోరం టెరోకార్పం. దీన్ని పెల్టోఫోరం ఫెరుజినియం అనీ పెల్టోఫోరం ఇనెర్మి అనీ కూడా అమ్ముతారు. రెండింటికీ పిల్ల ఈనెలతో ఈకలాంటి ఆకులే కాబట్టి మొక్క దశలో తారుమారవుతాయి.

తేడా చిగురులో ఉంది. పచ్చ తురాయి లేత కొమ్మ మీద, మొగ్గల మీద తుప్పు రంగు నూగు ఉంటుంది, వేలితో రాస్తే మఖమలులా తగులుతుంది. ఎర్ర తురాయి చిగురు పచ్చగానే ఉంటుంది, కానీ ఆకు కాడ మొదట్లో రెండు వైపులా బుల్లి ఈకల్లాంటి ఉపపత్రాలు వస్తాయి. అవి త్వరగా రాలిపోతాయి కనుక కొనచివర మూడు నాలుగు ఆకుల దగ్గరే వెతకాలి. చిట్టాకులు కూడా చూడండి: ఎర్ర తురాయివి సెంటీమీటరు లోపే, లేత పచ్చగా ఉంటాయి. పచ్చ తురాయివి ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు, ముదురు పచ్చగా ఉంటాయి.

కాయ దొరికితే ఇక సందేహమే ఉండదు. ఎర్ర తురాయిది అడుగు నుంచి రెండడుగుల దాకా ఉండే చెక్కలాంటి నల్ల కాయ, కత్తి ఒరలా నెలల తరబడి వేలాడుతుంది. పచ్చ తురాయిది పది సెంటీమీటర్లకు మించని పలచని రాగి రంగు కాయ, రెండంచులా రెక్కలుంటాయి. పసుపు పూల తురాయి ఎదురైనప్పుడు ఈ కాయే తీర్పు చెబుతుంది. పచ్చ తురాయి పూలగుత్తులు ఆకుల పైకి నిటారుగా లేస్తాయన్నది ఇంకో గుర్తు.

నీలి పూలకు పేరుపడ్డ జకరండా కూడా మొక్కగా ఉన్నప్పుడు తురాయిలానే ఉంటుంది. దాన్ని పట్టుకోవడం అన్నిటికన్నా తేలిక: జకరండా ఆకులు కొమ్మ మీద ఎదురెదురుగా వస్తాయి, తురాయిలవి ఒకటి విడిచి ఒకటి వస్తాయి. డెల్టా ఉక్కలో జకరండా బెంగళూరులోలా విరగబూయదు. కాబట్టి తురాయి అడిగి దీన్ని ఇంటికి తెచ్చుకుంటే రెండు విధాలా నష్టం.

ఇందులో ఏది తేలినా నాటే చోటు విషయంలో జాగ్రత్త. ఎర్ర తురాయి వేళ్లు పైపైనే పరుచుకుంటాయి, కొమ్మలు పెళుసు. నీరు పైకే ఉండే లంక నేలల్లో తుపాను గాలికి ముందు ఒరిగేది ఇదే. ఇంటి గోడకు, కరెంటు తీగలకు కనీసం 10 మీటర్ల ఎడం ఉంచండి.

కాసియా, సెన్నా

1982 లో ఇర్విన్, బార్నెబీ అనే ఇద్దరు వృక్షశాస్త్రజ్ఞులు అప్పటిదాకా ఒకే ప్రజాతిగా (దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపు, శాస్త్రనామంలో మొదటి మాట) ఉన్న కాసియాను కాసియా, సెన్నా, కమీక్రిస్టా అని మూడుగా విడగొట్టారు. నర్సరీ చీటీలు ఇప్పటికీ పాత పద్ధతిలోనే నడుస్తున్నాయి. అందుకే కాసియా సయామియా, సెన్నా సయామియా వేరువేరు మొక్కలని రెండూ కొనేవాళ్లున్నారు. ఇలాంటప్పుడు పేరులో రెండో మాట చూడండి. మొదటి మాట మారి రెండోది అదే ఉంటే చాలావరకు అది ఒకే చెట్టు. ఒక్కోసారి రెండో మాట చివరి అక్షరాలు మారతాయి. పాలీయాల్తియా లాంజిఫోలియా ఇప్పుడు మోనూన్ లాంజిఫోలియం అయింది, చెట్టు అదే నరమామిడి.

పువ్వు దొరికితే విడదీయడం నిమిషం పని. నిజమైన కాసియాల్లో పది కేసరాలుంటే మూడు మిగతావాటికన్నా బాగా పొడుగ్గా వచ్చి, కిందికి వంగి, కొసలో మళ్లీ పైకి తిరుగుతాయి. సెన్నాల్లో కేసరాల కాడలు పొట్టిగా, నేరుగానో కొద్దిగా వంగో ఉంటాయి, ఆ రెండు వంపులు కనబడవు.

పసుపు వాటిలో రేల, అంటే కాసియా ఫిస్టులా: చిట్టాకులు 3 నుంచి 8 జతలు, ఒక్కోటి అరచేతి పొడవు, 7 నుంచి 15 సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా పెద్దవి. పూలు కిందికి వేలాడే గెలలుగా వస్తాయి. కాయ నల్లటి గుండ్రని కర్రలా అడుగు నుంచి రెండడుగులు ఉంటుంది. విరిస్తే అడ్డ గదులు, వాటిలో నల్లని జిగురు గుజ్జు. సీమ తంగేడు, అంటే సెన్నా సయామియా: 6 నుంచి 12 జతలు, చిట్టాకు 3 నుంచి 8 సెంటీమీటర్లు, కొస గుండ్రం, దాని మీద వెంట్రుకంత ముల్లు. పూలు పైకి లేచిన గుత్తులు, కాయ బద్దలా పలచన. సెన్నా స్పెక్టాబిలిస్‌కు జతలు ఇంకా ఎక్కువ, చిట్టాకు సన్నగా ఉండి కొస మొనదేలుతుంది, కాయ గుండ్రం. ఈ మూడోదాన్ని నాటకపోవడమే మంచిది. కేరళ, తమిళనాడు అడవుల్లో ఇది అల్లుకుపోయి అక్కడి చెట్లను ఎదగనివ్వడం లేదు, నరికినా మోడు నుంచి మళ్లీ మొలుస్తుంది.

గులాబీ వాటి దగ్గరే అసలు గందరగోళం. మూడింటికీ సన్నని ఈకలాంటి ఆకులే, చీటీల మీద ‘పింక్ కాసియా’ అనే ఉంటుంది. పూత కాలం, కాయ చూడండి. కాసియా గ్రాండిస్ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య, ఆకు రాల్చి పూస్తుంది. చిట్టాకులు 10 నుంచి 20 జతలు, రెండు కొసలూ గుండ్రం, లేతగా ఉన్నప్పుడు నూగు ఉంటుంది. కాయ అడుగున్నర దాటే బరువైన దుంగ, మూడు నాలుగు సెంటీమీటర్ల మందం, పగలగొడితే గుజ్జు కంపు కొడుతుంది. దాని కింద కారు నిలపకండి. కాసియా జవానికా, పాత చీటీల మీద కాసియా నోడోసా, మే, జూన్ నెలల్లో కొత్త ఆకులతో పాటు పూస్తుంది. లేత మాను మీద ముళ్లలాంటి కొమ్మ మోడులు ఉండటం దీని ప్రత్యేకం. పువ్వు లేత గులాబీలో విచ్చి పోనుపోను రంగు మారుతుంది కాబట్టి ఒకే కొమ్మ మీద రెండు మూడు ఛాయలు కనిపిస్తాయి. కాసియా రాక్స్‌బర్గీ, పాత పేరు కాసియా మార్జినేటా, ఈ మూడింటిలో చిన్నది. కొమ్మలు కిందికి జారి ఉంటాయి, చిట్టాకు కొసన చిన్న నొక్కు ఉంటుంది. మిగతా రెండూ పూత ముగించాక, వానల్లో ఇది పూస్తుంది.

మూడో చెట్టుకు ఆ పేరు వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ మీద వచ్చింది. 1780ల్లో ఆయన సామర్లకోటలో ఉండి మొక్కల తోట పెంచాడు. చిన్న పెరడుకు గులాబీ కాసియా కావాలంటే ఈ చెట్టే అడగాలని మా అభిప్రాయం. పైగా ఇది దక్షిణ భారతం, శ్రీలంకల సొంత చెట్టు, బయటినుంచి వచ్చింది కాదు.

దేవకాంచనాలు

ఆకు ఒంటె గిట్టలా రెండుగా చీలి ఉంటుంది కాబట్టి బాహీనియా అని తెలియడం తేలికే. ఏ బాహీనియా అన్నదే ప్రశ్న. విచ్చిన పువ్వులో పుప్పొడి తిత్తి ఉన్న కేసరాలు లెక్కపెట్టండి. మామూలుగా మూడుంటే పర్పూరియా, అయిదుంటే వేరిగేటా. పర్పూరియా రేకులు సన్నగా, ఒకదానికొకటి తగలకుండా ఉంటాయి. ఆకుల మధ్య, వానలు పోయాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పూస్తుంది. వేరిగేటా రేకులు వెడల్పు, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మోడు కొమ్మల మీద పూస్తుంది. పువ్వు లేకపోతే ఆకు చీలికను స్కేలుతో కొలవండి: ఆకు పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా చీలితే పర్పూరియా, పావు నుంచి మూడో వంతు అయితే వేరిగేటా. సరిగ్గా మూడో వంతు దగ్గర రెండూ కలుస్తాయి కాబట్టి ఒక్క ఆకు చాలదు, పది ఆకులు కొలవాలి.

అయిదు కేసరాలు, వెడల్పు రేకులు, ముదురు ఊదా రంగు, చలికాలమంతా పూత, అయినా ఒక్క కాయా పట్టలేదు. అలాంటిది హాంకాంగ్ నుంచి వచ్చిన బ్లేకియానా. ఇది పర్పూరియా, వేరిగేటాల సంకరం, గొడ్డు చెట్టు. విత్తనమే పట్టదు గనుక అంటు కట్టో, గాలి అంటు తొక్కో, కొమ్మ నాటో మాత్రమే పెంచగలరు. ‘విత్తనం మొక్కే, బ్లేకియానా’ అని అమ్మితే అది బ్లేకియానా కాదు. మొక్క మొదట్లో అంటు అతుకు ఉందేమో, లేదా వేళ్లు కొమ్మ పక్కలనుంచి పుట్టాయేమో చూశాకే అంటు ధర ఇవ్వండి. అంటు మొక్కయితే అతుకు కింద లేచే పిలకలను తీసేస్తుండాలి. లేకపోతే రెండేళ్లలో అడుగు చెట్టు గెలిచి పువ్వు మారిపోతుంది.

మిగతా జంటలు, క్లుప్తంగా

కాలవగట్ల మీద గొడుగులా పరుచుకున్న నిద్రగన్నేరును దిరిసెన అనడం మామూలే. నిద్రగన్నేరు సమానియా సమాన్, దీన్నే అల్బిజియా సమాన్ అనీ రాస్తారు. గులాబీ కుచ్చులు, పశువులు ఇష్టంగా తినే నల్లని కండగల కాయ దాని గుర్తులు. దిరిసెన అల్బిజియా లెబ్బెక్. మీగడ రంగు కుచ్చులు, ఎండాక గాలికి గలగలలాడే గడ్డి రంగు పలచని కాయలు.

అశోకం అడిగితే నిటారుగా పెరిగే నరమామిడి చేతిలో పెట్టడం చాలాచోట్ల ఉంది. నరమామిడివి అంచులు అలలు తిరిగిన విడి ఆకులు. అసలు అశోకం, సరాకా అశోకా, చిట్టాకుల జతలతో వస్తుంది. దాని చిగురు రాగి రంగులో కుచ్చులా వేలాడుతుంది, నారింజ రంగు పూలగుత్తులు మాను మీద కూడా పూస్తాయి. పాత చీటీ మీద సరాకా ఇండికా అని ఉన్నా మన దగ్గర అది చాలావరకు ఇదే.

కోరంగి వైపు ఉప్పుటేర్ల గట్ల మీద గంగరావి, గోగు జాతికి చెందిన హైబిస్కస్ టిలియేసియస్ పక్కపక్కనే ఉంటాయి. రెండింటికీ హృదయాకారపు ఆకులు, వాడేకొద్దీ ఎరుపెక్కే పసుపు పూలు. ఆకును తిరగేయండి. అడుగున తెల్లటి బూడిద రంగు నూగు ఉంటే గోగు జాతిది, నున్నగా ఉంటే గంగరావి. కాయలో కూడా తేడా ఉంది. గోగు జాతిది ఎండాక అయిదుగా పగులుతుంది, గంగరావిది పగలకుండా గుండ్రంగానే ఉండిపోతుంది.

తేలనప్పుడు

ఫోను యాప్‌లు ప్రజాతి వరకు చాలాసార్లు సరిగానే చెబుతాయి, రెండో మాట దగ్గర తప్పుతాయి. కారణం మనం ఇచ్చే ఫోటో: దూరం నుంచి తీసిన పూల కొమ్మ. స్కేలు పక్కన పెట్టి పూర్తి ఆకు పైవైపు, అడుగువైపు, కాడ మొదట్లో మొగ్గ, నిలువుగా చీల్చిన పువ్వు, కాయ, ఇలా అయిదు ఫోటోలు తీస్తే తెలిసినవాళ్లు వెంటనే చెప్పగలరు. పాత పేరుకు ఇప్పటి పేరేమిటో లండన్‌లోని క్యూ ఉద్యానవనం వారి ప్లాంట్స్ ఆఫ్ ది వరల్డ్ ఆన్‌లైన్‌లో వెతికితే దొరుకుతుంది.

తేలాక తెలుగు పేరు, శాస్త్రనామం, చీటీ మీద ఉన్న పాత పేరు మూడూ కలిపి రాసి మొక్కకు కట్టండి. పెన్ను సిరా ఒక్క ఎండాకాలానికే వెలిసిపోతుంది. అల్యూమినియం రేకు ముక్క మీద మేకుతో గీసి రాస్తే నిలుస్తుంది. తీగను మానుకు చుట్టకుండా పక్క కొమ్మకు బొటనవేలు దూరేంత వదులుగా కట్టి, ఏటా తొలకరికి ఒకసారి ఇంకాస్త వదులు చేయండి.