చిన్నప్పటి కథను మళ్లీ చదివే ముందు

చిన్నప్పుడు ఇష్టపడ్డ అద్భుత కథను మళ్లీ చదవాలనుకుంటే, పుస్తకం తెరవకముందే గుర్తున్నదంతా ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత పిల్లల కోసం కుదించింది కాకుండా పూర్తి కథ చదవండి.

1837లో అచ్చయిన, డెన్మార్క్ రచయిత ఆండర్సన్ రాసిన జలకన్య కథతో నేను ఇలాగే చేశాను. నా కాగితం మీద జలకన్యకూ రాకుమారుడికీ పెళ్లి అని ఉంది. అసలు కథలో రాకుమారుడు వేరే అమ్మాయిని చేసుకుంటాడు. అతని కోసం మాట పోగొట్టుకుని, అడుగడుగునా కత్తుల మీద నడుస్తున్నంత నొప్పి భరించిన జలకన్య, అతణ్ని చంపితే తాను బతుకుతానని తెలిసినా కత్తిని సముద్రంలోకి విసిరేస్తుంది. ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ప్రేమంటే దక్కించుకోవడమేనని ఇన్నేళ్లూ ఎందుకనుకున్నానో!

మీ కాగితానికీ కథకీ తేడా వచ్చిన చోట గీత గీసుకోండి. రెండోసారి అక్కడి నుంచే చదవండి, తొందరపడకుండా.